ఐదు చుక్కల రాడ్డు

మా మెకానిక్కుల సంఘం వాళ్ళు ఈ ఏడాది ఒక పుస్తకం వేస్తున్నారు. పాతతరం మేస్త్రీలంతా ఎవరి గురించి వాళ్ళు రాసివ్వాలట. కార్యదర్శి మా ఇంటికొచ్చి, "పెద్ద మేస్త్రిగారూ, మీరు లేకపోతే పుస్తకానికి అట్టే మిగులుతుంది" అన్నాడు. ఆ మాట నిజమే. నేను పల్లెటూరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. అరవై ఒక్క ఏళ్ళు ఇంజన్ల మీద పని చేశాను. మూడు వందల పన్నెండు ఇంజన్లు పూర్తిగా విప్పి బిగించాను. వరద నీళ్ళలో మూడు రోజులు మునిగిన బస్సును నాలుగో రోజు సాయంత్రానికి నడిపించాను. పడవ ఇంజను చూశాను, పిండిమర ఇంజను చూశాను, సర్కసు వాళ్ళ జనరేటరు చూశాను. ఈ షెడ్ల వీధిలో పానా పట్టినవాళ్ళలో సగం మంది నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు, మిగతా సగం వాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళు. ఇవన్నీ ఒక పేజీలో రాసి ఇవ్వొచ్చు. ఇచ్చేవాణ్ణే.

కాని నా బదులు మా తమ్ముడి గురించి రాస్తున్నాను. వాణ్ణి ఒకప్పుడు ఈ వీధిలో పుల్ల మేస్త్రీ అనేవారు. ముప్పై నాలుగేళ్ళుగా ఎవరూ ఏమీ అనడం లేదు.

పాత లారీలకు ఇప్పటిలా కొట్టుకెళ్ళి డబ్బా విప్పి తొడిగే బేరింగులు ఉండేవి కావు. ఇంజను అడుగున తిరిగే క్రాంకుకు ఆరు మెడలుంటాయి. ఒక్కో మెడను ఒక్కో రాడ్డు పట్టుకుని తిరుగుతుంది. ఇనుమూ ఉక్కూ రాసుకుంటే నిమిషంలో పట్టేస్తాయి. అందుకని రాడ్డు లోపలి గుండ్రానికి తెల్లటి మెత్తని లోహం కరిగించి పోస్తారు. చల్లారాక మెడకు నీలిరంగు పూసి, రాడ్డు తొడిగి ఒకసారి తిప్పి, రంగు అంటిన చోటల్లా స్క్రేపరుతో గీకుతారు. మళ్ళీ పూయడం, మళ్ళీ తిప్పడం, మళ్ళీ గీకడం. ఒక్క రాడ్డుకు ఒక పూట పడుతుంది. ఏ మెడకు గీకిన రాడ్డు ఆ మెడకే పనికొస్తుంది. ఇంకో మెడకు తొడిగితే ఒకరి చెప్పుల్లో ఇంకొకరు నడిచినట్టే.

ఆ లోహం పోసేది మా తమ్ముడు. వేడి కొలవడానికి వాడి దగ్గర ఏ పరికరమూ లేదు. ఎండిన చీపురుపుల్ల ఒకటి కరిగిన లోహంలో ముంచి తీసేవాడు. పుల్ల భగ్గుమంటే వేడెక్కువ. రంగు మారకపోతే తక్కువ. కాఫీ పొడి రంగుకు తిరిగితే అప్పుడు గరిటె ఎత్తేవాడు. మధ్యలో ఎవరు పలకరించినా పలికేవాడు కాదు. అలా పుల్ల మేస్త్రీ అయ్యాడు. మనిషి కూడా పుల్లలాగే ఉండేవాడనేది రెండో కారణం. నేను చెప్పిన మూడు వందల పన్నెండులో నూట నలభైకి పైగా ఇంజన్లు వాడు పోసిన లోహం మీద తిరిగాయి. ఒక్కటి తప్ప ఏదీ వెనక్కి రాలేదు.

ఆ ఒక్కటి కలప డిపో వాళ్ళ ముక్కు లారీ. ముందు పొడుగాటి ముక్కులాంటి మూత, దానికి రెండు పక్కలా గుండ్రటి దీపాలు, వెనక చెక్క కేబిను. మేం ఇంజను బాగుచేసి ఇచ్చిన పదకొండో రోజున, దుంగల లోడుతో కొండ మలుపు ఎక్కుతుండగా ముందు నుంచి రెండో రాడ్డు విరిగి, ఇంజను గోడను పొడుచుకుని బయటికొచ్చింది. లారీ వెనక్కి జారింది. పొడుగు డ్రైవరని మేం పిలిచే మనిషి అందులోంచి దూకాడు. తుంటి విరిగింది. ఆ తర్వాత ఆయన స్టీరింగు పట్టలేదు. డిపో గేటు దగ్గర కాపలాకు కూర్చోబెట్టారు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

కారిన నూనెలో తెల్ల లోహం ముద్దలు కనపడ్డాయి. కరిగింది బేరింగు, బేరింగు పోసింది తమ్ముడు. డిపో యజమాని షెడ్డుకొచ్చి నలుగురి ముందు, "పుల్లలతో ఆడుకునేవాడికి ఇంజను ఇచ్చాను, నాదీ బుద్ధి తక్కువే" అన్నాడు.

తమ్ముడు నా వైపు తిరిగి, "ఇంజను విప్పి చూద్దాం అన్నయ్యా. చూస్తే తెలుస్తుంది కదా" అన్నాడు.

"విప్పి చూసేదేముందిరా, నూనెలోనే కనపడుతుంటే?" అన్నాను నేను.

నా మాట మీద ఇంకెవరూ మాట్లాడలేదు. ఈ వీధిలో నా మాటకు అంత విలువ ఉండేది. యజమాని కొత్త డీజిలు లారీ కొనుక్కున్నాడు. పాతదాన్ని ఉన్నపళంగా డిపో వెనక రేకుల షెడ్డులోకి తోసి తలుపేశారు. తమ్ముడికి పని ఇచ్చేవాళ్ళు లేకపోయారు. నేనూ వేరే మనిషిని పెట్టుకున్నాను. వాడు తక్కెళ్ళూ తూనికరాళ్ళూ సరిచేసే పనిలో పడ్డాడు. సైకిలు వెనక పెట్టె కట్టుకుని కొట్టు కొట్టుకూ తిరగడం, అరిగిన రాయి అడుగున గుంటలో కాస్త సీసం పోసి బరువు సరిచేయడం. మా ఇంటికి మూడు వీధుల అవతల ఉంటాడు. పెళ్ళిళ్ళలో కలిశాం, చావుల్లో కలిశాం. మా అమ్మ పోయినప్పుడు పక్కపక్కనే కూర్చున్నాం. "మంచినీళ్ళు తాగావా?" అన్నాడు. "తాగాను" అన్నాను.

పోయిన ఏడాది డిపో యజమాని పోయాడు. పెత్తనం ఆయన కూతురికి వచ్చింది. అందరూ చిన్నమ్మగారు అంటారు. నలభై ఐదేళ్ళు ఉంటాయి, దుంగను చేత్తో తట్టి లోపల పుచ్చు ఉందో లేదో చెప్పగలదు. నన్ను పిలిపించింది.

"తాతగారూ, మా నాన్న ముక్కు లారీ నడవాలి."

"ఎంత దూరం నడవాలమ్మా?"

"గేటు నుంచి లారీలు తూచే కాటా దాకా నడిస్తే చాలు."

"అంత దూరానికైతే నేనెందుకు, నలుగురు తోస్తే సరి."

"తోయించుకునే బండి కావాలంటే తోపుడు బండే కొనుక్కునేదాన్ని" అంది.

నవ్వాను. డెబ్బై ఆరేళ్ళ వాడికి అలాంటి పని ఇంకెవరిస్తారు? ఒప్పుకున్నాను. ఒప్పుకునేటప్పుడే తెలుసు. ఆ ఇంజను విప్పితే ముప్పై నాలుగేళ్ళుగా మా తమ్ముడి నెత్తిన ఉన్న తప్పు వాడిదో కాదో తేలిపోతుంది. లోపల ఏదీ కదలలేదు. ఏది విరిగిందో, ఎక్కడ కరిగిందో అలాగే ఉంది.

రేకుల షెడ్డు తలుపు తీస్తే లారీ నాలుగు చక్రాల మీదా కుంగి ఉంది. రేడియేటరులో కందిరీగల గూళ్ళు. కేబిను చెక్క చెదలు తినగా పై రంగు మాత్రం పెంకులా నిలబడి ఉంది, వేలు పెడితే లోపలికి పోయింది. బ్రేకు డ్రమ్ములు తుప్పుతో ఒకటైపోయాయి. వాటిని వేడి చేసి, కిరోసిను పోసి, రెండు రోజులు వదిలేసి, సుత్తితో చుట్టూ తట్టి ఊడదీశాను. బరువు మోసే కమాను పట్టీలు ఒక్కొక్కటీ విప్పి, రెండు విరిగినవి పాత ఇనుము కొట్లో జత చూసి తెచ్చాను. స్టీరింగు చక్రం మీది పగుళ్ళు పూడ్చి గుడ్డతో రుద్దాను. ఇంజను గోడకు పడ్డ కన్నం అరచేయంత ఉంది. పోత ఇనుముకు అతుకు నిలవదని చాలామంది చేతులెత్తేస్తారు. నేను ఉక్కు రేకు కోసి, కన్నం చుట్టూ ఇరవై రెండు మరలు దించి, రేకుకూ గోడకూ మధ్య పట్టీ పెట్టి బిగించాను. నీళ్ళు పోసి చూస్తే చుక్క కారలేదు. ఇది నా గొప్ప పనుల్లో రాసుకోదగ్గది.

ఒకప్పుడైతే ఇలాంటి పని చేసిన రోజు ఇంటికెళ్ళి భోజనం దగ్గర కూడా అదే చెప్పేవాణ్ణి. ఈసారి అలా లేదు. చేతులు పని చేస్తున్నాయి, నేను వాటి పక్కన కూర్చుని చూస్తున్నాను. అంతే. తీసిన భాగాలన్నీ గోనెపట్టా మీద వరసగా పెట్టేవాణ్ణి. పొద్దు వాలితే పైన గుడ్డ కప్పి ఇంటికి వెళ్ళేవాణ్ణి.

అతుకు బయటివైపు పని. ఇంజను లోపలికి మాత్రం చెయ్యి పెట్టలేదు. ముందు బ్రేకులన్నాను, తర్వాత కమాన్లన్నాను, తర్వాత రంగన్నాను. మూడో నెలలో చిన్నమ్మగారు వచ్చి చుట్టూ తిరిగి చూసి, "పెళ్ళికూతురి అలంకారమంతా అయింది తాతగారూ, గుండె కొట్టుకుంటోందో లేదో ఎవరైనా చూశారా?" అంది.

ఇంజనుకు లోహం పోసేవాడు కావాలి. రెండు ఊళ్ళు తిరిగాను. ఒకచోట నవ్వారు. ఒకచోట, ఇలాంటి ఇంజను తీసి పక్కన పడేసి కొత్తది దించుకోమన్నారు. ఇంటికొచ్చి మా ఆవిడతో ఎవరూ దొరకలేదన్నాను.

"దొరకలేదా, అడగలేదా?" అంది.

"ఇంకెవరిని అడగాలి?"

"మీకు రెండు ఊళ్ళు తిరగడానికి కాళ్ళున్నాయి. మూడు వీధులు దాటడానికి మాత్రం ముహూర్తం కావాలి."

మర్నాడు పొద్దున వెళ్ళాను. తమ్ముడు వరండాలో చాప మీద కూర్చుని ఒక కొట్టువాడి తక్కెడ సరిచూస్తున్నాడు. నన్ను చూశాడు. "కూర్చో, ముల్లు ఆగనీ" అన్నాడు. ముల్లు అటూ ఇటూ ఊగి నెమ్మదిగా మధ్యకొచ్చి ఆగింది. వాడు కళ్ళజోడు తీశాడు.

"డిపో లారీ బయటికి తీశారు" అన్నాను.

"విన్నాను."

"లోహం పోసేవాళ్ళు దొరకట్లేదు."

"ఎలా దొరుకుతారు? అందరూ పోయారు. నేను మిగిలాను."

"నువ్వు పోస్తావా?"

వాడు తక్కెడ పళ్ళెం తీసి తుడిచి, మళ్ళీ తగిలించాడు. "పోస్తా. ఒక్క మాట అన్నయ్యా. సంపు నేనొచ్చాకే విప్పాలి. సోమవారం వస్తా."

సంపు అంటే ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టి. అది విప్పితే క్రాంకూ రాడ్లూ కనపడతాయి.

"అలాగే" అన్నాను.

లోపలి నుంచి మా మరదలి గొంతు వినపడింది. "ఆ బండి మాట ఈ ఇంట్లో ఎత్తొద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"బావగారొచ్చారు. కాఫీ ఇవ్వు" అన్నాడు తమ్ముడు.

"ఇస్తాను, ఇవ్వకేం? ముప్పై నాలుగేళ్ళకోసారి వచ్చే మనిషి. పంచదార అయిపోతుందన్న బెంగ కూడా లేదు."

కాఫీ తాగి వచ్చేశాను.

ఆదివారం డిపోకు సెలవు. మధ్యాహ్నం భోంచేసి నేనొక్కణ్ణే షెడ్డుకు వెళ్ళాను. ఎందుకెళ్ళానంటే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. గోనెపట్టా పరుచుకుని ఇంజను కింద పడుకుని సంపు మరలు ఒక్కొక్కటే విప్పాను. ఇరవై నాలుగు. తొట్టి దించాను. అడుగున గట్టిపడిన నల్లటి మడ్డి, అందులో తెల్ల లోహం ముక్కలు. దీపం పైకెత్తి చూశాను.

విరిగిన రాడ్డు కింది సగం మెడను కరుచుకుని అలాగే ఉంది. గుడ్డతో మడ్డి తుడిచాను. దాని పక్కన పంచ్‌తో కొట్టిన చుక్కలు. ఐదు. అది రేడియేటరు వైపు నుంచి రెండో మెడ. దాని ముందున్న మెడ మీది రాడ్డు తుడిచాను. ఆరు చుక్కలు. చివరికంటా తుడుచుకుంటూ వెళ్ళాను. ఆరు, ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి.

ఇక్కడ మా పద్ధతి చెప్పాలి. రాడ్డు ఎన్నో మెడదో దాని మీద అన్ని చుక్కలు కొడతాం. నాకు పని నేర్పిన గురువు పడవ ఇంజన్ల మేస్త్రీ. పడవలో మనిషి నిలబడేది ఇంజను వెనక ఉండే బరువు చక్రం దగ్గర, అంటే ఫ్లైవీలు దగ్గర. అందుకని ఆయన వెనక నుంచి, ఫ్లైవీలు వైపు నుంచి ఒకటి, రెండు లెక్కపెట్టేవాడు. నేనూ అంతే. నా షెడ్డులో అందరూ అంతే. తమ్ముడు మాత్రం ఎక్కడో ఈ లారీ కంపెనీ పుస్తకం సంపాదించి, బొమ్మలు చూసి, అందులో లెక్క రేడియేటరు వైపు నుంచి ఉందని పట్టుకున్నాడు. ఆ లారీ రాడ్లకు లోహం పోసి, గీకి, చుక్కలు కొట్టి, మా మరదలి తండ్రికి ఒంట్లో బాగాలేదని కబురొస్తే రెండు రోజులు ఊరెళ్ళాడు. వెళ్ళే ముందు షెడ్డు గుమ్మంలో సంచీతో నిలబడి, "అన్నయ్యా, ఈసారి చుక్కలు ముందు నుంచి కొట్టాను. పుస్తకంలో అలాగే ఉంది. గుర్తుపెట్టుకో" అన్నాడు. నేను అప్పుడు ఎవరిమీదో కేకలేస్తున్నాను. "పుస్తకాలు నాకు చెప్పకు, బస్సుకు వేళవుతుంది పో" అన్నాను.

వాడు చెప్పాడు. నేను విన్నాను కూడా. విని నా అలవాటు ప్రకారం వెనక నుంచి బిగించాను.

బిగించేటప్పుడు ఐదు చుక్కల రాడ్డు వదులుగా ఉంది. ఎందుకుండదు? ముందు నుంచి ఐదో మెడ మిగతా వాటికంటే వెంట్రుక వాసి లావు. దానికి గీకిన రాడ్డును సన్నటి రెండో మెడకు తొడిగాను. రాడ్డు రెండు సగాల మధ్య బిగువు సరిచేయడానికి పలచని ఇత్తడి రేకులు పెడతారు. వదులని రెండు రేకులు తీసేశాను. రెండు చుక్కల రాడ్డు బిగుతుగా ఉంటే ఒక రేకు అదనంగా పెట్టాను. తమ్ముడు గీకడంలో తేడా చేశాడని మనసులో విసుక్కున్నాను. నా చెయ్యి పడితే ఎంతటి వంకరైనా సరవుతుందని నాకు ధీమా. రేకులు తీస్తే గుండ్రం గుండ్రంగా ఉండదు, కోలగా అవుతుంది. రెండు చోట్ల మాత్రమే ఆనుతుంది. ఆనిన చోట నూనె నిలవదు. పదకొండు రోజులు ఓర్చుకుంది. నిజానికి లోహం మంచిది కాబట్టే అన్ని రోజులు ఓర్చుకుంది.

నా పెట్టెలో ఆకురాయి ఉంది. ఆ చుక్కలు అరగదీయడానికి ఒక్కోదానికి రెండు నిమిషాలు చాలు. ఆకురాయి తీసి చేత్తో పట్టుకుని మళ్ళీ కింద పడుకున్నాను. దీపం వెలుతురులో చుక్కలు చూశాను. ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయో, అన్నీ అంతే దూరంలో ఉన్నాయి. అన్నీ ఒకే లోతు. ఎక్కడా పంచ్ జారలేదు. అలా కొట్టడం నాకు కూడా రాదు. అంత మంచి పనిని ఆకురాయితో గీయడానికి చెయ్యి రాలేదు. మంచితనం వల్ల ఆగానని రాస్తే అబద్ధం రాసినట్టు. చాలాసేపు అలాగే వెల్లకిలా పడుకున్నాను. ఏడుపు రాలేదు, భయం వేయలేదు. వీపు కింద ఏదో మర గుచ్చుకుంటోందని మాత్రం తెలిసింది. లేచి సంపు మళ్ళీ బిగించి ఇంటికెళ్ళాను.

సోమవారం తమ్ముడొచ్చాడు. సైకిలు మీంచి గరిటె, మూస, స్క్రేపర్ల సంచీ దించాడు. అన్నీ నూనె పూసి గుడ్డలో చుట్టి ఉన్నాయి. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి ఇంజను కింద దూరాడు. వేలితో సంపు మరలు తడుముతున్నాడు. పాత మడ్డి రాలిపోయి, మరల తలల మీద పానా గీతలు మెరుస్తున్నాయి.

"నిన్న విప్పావా?" అన్నాడు కింది నుంచి.

"విప్పాను."

"చూశావా?"

"చూశాను."

మరల మీది చెయ్యి తీశాడు. "రెండో దాని మీద ఎన్ని?"

"ఐదు."

"రేకులు?"

"రెండు తీశాను అప్పట్లో."

"ఊఁ" అన్నాడు.

నేను చక్రం పక్కన నిలబడి వాడి కాళ్ళ వైపు చూస్తున్నాను. వాడు లేచి వచ్చి నా మొహం మీద ఒక్కటిచ్చినా నిలబడేవాణ్ణే. "ఒరేయ్, తప్పు నాది" అన్నాను.

"పద్నాలుగు నంబరు పానా ఇటివ్వు" అన్నాడు.

ఇచ్చాను.

మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని తింటున్నప్పుడు ఉండబట్టలేక అడిగాను. "నీకు ముందే తెలుసారా?"

"రాడ్డు విరిగిందని విన్న రోజే అనుమానం వచ్చింది. నువ్వు వెనక నుంచే బిగించి ఉంటావని. అందుకే విప్పుదామన్నాను."

"తర్వాతైనా నన్ను అడగొచ్చుగా."

"అడిగా. నలుగురి ముందు అడిగా. అందరూ విన్నారు. నువ్వు విప్పేదేముందన్నావు" అన్నాడు. మెతుకులు ఏరుకుంటూ, కోపం లేకుండా, ఏ కొట్టువాడి రాయి ఎంత తరుగుందో చెప్పినట్టు చెప్పాడు. "మొదట్లో రోజూ అనుకునేవాణ్ణి, వచ్చి అడుగుతావని. తర్వాత మానేశా. ఇప్పుడేమీ లేదు అన్నయ్యా. నిజంగా ఏమీ లేదు."

అదే నాకు అన్నింటికంటే బరువుగా ఉండాల్సిన మాట. ఆ పూట అది కూడా బరువుగా అనిపించలేదు. డబ్బా కడుక్కుని పనిలోకి దిగాను.

పద్దెనిమిది రోజులు పని చేశాం. క్రాంకు మెడలు మరమీద సానపట్టించాం. విరిగిన దాని బదులు అదే రకం రాడ్డు ఒకటి పాత ఇనుములో దొరికింది. తమ్ముడు మూకుడులో లోహం కరిగించి పుల్ల ముంచిన రోజు చిన్నమ్మగారు కూడా వచ్చి చూసింది.

"పుల్ల మారలేదా మేస్త్రిగారూ?" అంది.

"పుల్ల అదేనమ్మా. నేనే సన్నబడ్డాను" అన్నాడు.

డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి. గరిటె ఎత్తితే లోహం ఒకే ధారగా, చప్పుడు లేకుండా మూసలోకి దిగింది. చుక్కలు మళ్ళీ కొట్టాడు. ఈసారి బిగించేటప్పుడు నేను రాడ్డు అందించాను, వాడు బిగించాడు.

లారీ కదిలిన రోజు డిపోలో అందరూ పోగయ్యారు. మొదటి పిలుపుకు దగ్గింది, రెండో పిలుపుకు పలికింది. గేటు నుంచి కాటా దాకా ఏమిటి, కొండ మలుపు దాకా వెళ్ళొచ్చింది. చిన్నమ్మగారు నా చేతులు రెండూ పట్టుకుని, "పెద్ద మేస్త్రీ పెద్ద మేస్త్రీయే" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచాను. "గోడ కన్నానికి ఇరవై రెండు మరలు పట్టాయి" అన్నాను. మళ్ళీ చప్పట్లు కొట్టారు. తమ్ముడు అవతల గరిటె తుడిచి సంచీలో పెట్టుకుంటున్నాడు. పెట్టుకుని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే మరదలు మా ఇంటికొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. మా ఆవిడ మంచినీళ్ళు తెస్తే, "తర్వాత తాగుతా అక్కా" అంది. నా వైపు తిరిగింది.

"బావగారూ, ఇంజను విప్పిన రోజు మా ఆయన ఇంటికొచ్చి చెప్పారు. నిన్న అంతమందిలో మీరు చెబుతారనుకున్నాను."

"వాడికి చెప్పానమ్మా. తప్పు నాదేనన్నాను."

"ఆయనకెందుకు చెప్పడం? ఆయనకు తెలియందా? తెలియనిది వీధికి. నా పెద్దకూతురి సంబంధం అప్పుడు ఆ మాట మీదే వెనక్కి పోయింది. 'పోసిన లోహం కరిగిపోయే మేస్త్రీ కూతురా' అన్నారు. ఆ మాట అన్నవాడు మీ షెడ్డులోనే నేర్చుకున్నాడు. మీరు అందరికీ పెద్ద కదా. ఆ పెద్దరికం ఒక్కపూట మా వైపు తిప్పండి. ఇంకేం అడగను."

మంచినీళ్ళు తాగి వెళ్ళింది. మా ఆవిడ గ్లాసు లోపల పెట్టి, నా చొక్కా తెచ్చి ఇచ్చింది. 

చొక్కా వేసుకుని షెడ్ల వీధికి వెళ్ళాను. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఇరవై ఏడు షెడ్లు. ప్రతి షెడ్డులో కుర్చీ వేశారు, టీ తెప్పించారు, ముక్కు లారీ సంగతి విన్నామన్నారు. నేను నిలబడే చెప్పాను. డిపో లారీ రాడ్డు విరిగింది పుల్ల మేస్త్రీ లోహం వల్ల కాదు, నేను రాడ్లు తిరగేసి బిగించడం వల్ల అని. వయసులో ఉన్నవాళ్ళు కొందరు, "పుల్ల మేస్త్రీ ఎవరు తాతా?" అన్నారు. ఎవరో చెప్పి, మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. నాలుగో షెడ్డువాడు, "పోనీలే గురువుగారూ, ఎవరికి గుర్తుంది ఇదంతా?" అన్నాడు. "మా మరదలికి గుర్తుంది" అన్నాను. సంబంధం మాట అన్నవాడి షెడ్డు పదహారోది. వాడు తల వంచుకుని పానా తుడుస్తూ నిలబడ్డాడు. వాణ్ణి నేనేమీ అనలేదు. వాడికి ఆ మాట నేర్పింది నేనే.

ప్రతిచోటా అవే మాటలు. పదో షెడ్డు దాటాక మాటలు వాటంతట అవే వస్తున్నాయి, నేను వింటున్నాను. సిగ్గు వేస్తుందనుకున్నాను. తేలిక పడతాననుకున్నాను. రెండూ కాలేదు. కాళ్ళు నొప్పెట్టాయి.

చివరికి డిపో గేటు దగ్గరికి వెళ్ళాను. పొడుగు డ్రైవరు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, కర్ర మోకాళ్ళ మధ్య. ఆయనకూ చెప్పాను. ఆయన అంతా విని, కర్ర ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"నా తుంటికి అన్న చేసినా ఒకటే, తమ్ముడు చేసినా ఒకటే" అన్నాడు.

"ఒకటే."

"నేను వాణ్ణి తిట్టాను. సైకిలు మీద ఇటు పోయినప్పుడల్లా. పిల్లలు వింటున్నారని కూడా చూడకుండా తిట్టాను."

"తెలుసు."

"తెలిసి ఊరుకున్నావు."

"ఊరుకున్నాను."

"వాడు ఒక్కసారి కూడా దిగి జవాబు చెప్పలేదు. బెల్లు కొట్టుకుంటూ పోయేవాడు. దాంతో నాకు ఇంకా మండేది." ఆయన గేటు లోపలికి చూశాడు. లోపల నలుగురు హమాలీలు దుంగలు దించుతున్నారు. "ఇప్పుడు నిన్ను తిడదామంటే నాకు ఓపిక లేదు మేస్త్రీ. డెబ్బై తొమ్మిదొచ్చాయి. కాని ఒకటి. నేను తిడితే కాటా దాకా వినపడేది. నువ్వేమో నా చెవిలో గొణిగి పోతున్నావు. గట్టిగా చెప్పు."

గేటు ఊచ పట్టుకుని నిలబడి, "రాడ్డు తప్పు మా తమ్ముడిది కాదు. నాది" అని అరిచాను.

హమాలీలు దుంగ భుజాన ఉండగానే ఆగి ఇటు చూశారు. వాళ్ళెవరూ ఈ ఊరివాళ్ళు కారు, పోయిన నెలలో వచ్చినవాళ్ళు. మా తమ్ముడెవరో వాళ్ళకు తెలియదు.

"ఏమైంది తాతా?" అన్నాడు ముందున్నవాడు.

"దుంగ దించి రండి, చెబుతాను" అన్నాను.

దించి వచ్చారు. మొదటి నుంచి చెప్పాను.